మెడకో రంగు, మొహానికో రంగు

పొద్దున షాపు షట్టరు లేవగానే పిన్ని చేసే మొదటి పని, తనది కాని రంగు మొహానికి పూసుకోవడం. సింగారం సామాన్లు అమ్మే కౌంటర్లో నిలబడాలంటే మేనేజరు పెట్టిన షరతు అది. ఆమెది వేయించిన కాఫీ గింజ రంగు. పూసుకోమన్న ఫౌండేషన్ అంతకన్నా బాగా తెలుపు. మధ్యాహ్నానికి చెమట పట్టి అది బూడిద రంగుకు తిరిగేది. మొహం ఒకరిదీ, మెడ ఇంకొకరిదీ అన్నట్టుండేది. అందుకే ఎండాకాలంలో కూడా యూనిఫాం చొక్కాకు గొంతు దాకా గుండీలు పెట్టుకునేది.

షాపులో అందరికీ ఆమె పిన్నే. "పిన్నీ, పిండి డబ్బాలో పడి లేచావా?" అని పక్కన సెంట్లు అమ్మే అమ్మాయి ఆటపట్టించేది.

"లేవలేదే, ఇంకా అందులోనే ఉన్నా," అని నవ్వేసి ఊరుకునేది పిన్ని. అలా ఏళ్ళ తరబడి ఊరుకుంది.

నలుపు నారాయణుడు మెచ్చు అని ఓదార్చేవాళ్ళకు కొదవ లేదు. నారాయణుడు ఒక్కడు మెచ్చితే చాలదు, మేనేజరు కూడా మెచ్చాలి.

పని మాత్రం ఆమెకు ఇష్టం. ఎవరైనా రంగును ముంజేతి మీద రాసుకుని చూస్తుంటే ఆపేది. "చేతి రంగు వేరు, మొహం రంగు వేరమ్మా," అంటూ దవడ అంచున, మొహం మెడను కలిసే చోట, చిన్న గీత గీసేది. షాపు దీపాల కింద అన్నీ బాగానే ఉంటాయి కాబట్టి గుమ్మం దాకా తీసుకెళ్ళి పగటి వెలుతురులో అద్దం చూపేది. గీత చర్మంలో కలిసి మాయమైతే అదే ఆ మనిషి రంగు. ఒంట్లో పసుపు ఛాయ ఉంటే పెదాలకు ఇటుక ఎరుపు, అది లేకపోతే నేరేడు పండు రంగు నప్పుతుందని చెప్పేది.

ఈ మర్యాద కొందరికే. షాపులో సీసాలు గోధుమ రంగు దగ్గరే ఆగిపోయేవి. అంతకన్నా నల్లనివాళ్ళు వస్తే గుమ్మం దాకా తీసుకెళ్ళొద్దని మేనేజరు హుకుం. వరసలో చివరి సీసా చేతిలో పెట్టి, "కాసేపటికి కలిసిపోతుందండీ" అనాలి. పిన్ని అనేది. తనలాంటి ఆడవాళ్ళకే ఆ అబద్ధం అమ్మింది. అది చిన్న తప్పేమీ కాదు.

ఒకరోజు వాళ్ళక్క కూతురు వచ్చింది. అచ్చం పిన్ని రంగే.

"పిన్నీ, రేపు హోటల్లో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. నాకేది బాగుంటుందో నువ్వే చూడు."

మేనేజరు పక్కనే ఉన్నాడు. పిన్ని చెయ్యి అలవాటుగా చివరి సీసా మీదికి పోయింది. నోరూ అలవాటుగానే కదిలింది. "ఇది రాసుకో. కాసేపటికి కలిసిపోతుంది."

అక్క కూతురు పిన్ని మొహం వంక తేరిపార చూసింది. "మరి నీకెప్పుడు కలుస్తుంది పిన్నీ? నా చిన్నప్పట్నుంచీ చూస్తున్నా."

వెక్కిరించలేదు, నిజంగానే అడిగింది. సెంట్ల అమ్మాయి కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది.

పిన్ని దూదితో మొహమంతా తుడిచేసుకుంది. సీసా వెనక్కి పెట్టేసి అక్క కూతుర్ని గుమ్మం దగ్గరికి నడిపించింది. "నీ రంగు ఈ షాపులో లేదే. లేనిదాన్ని పూసుకోకు. కళ్ళకు కాటుక, పెదాలకు ఈ ఇటుక ఎరుపు. ఆ ఎరుపునే వేలితో బుగ్గల మీద కాస్త అద్దుకో. చాలు."

మేనేజరు వెనకే వచ్చాడు. "ఏంటమ్మా ఇది? ఈ మొహంతో కౌంటర్లో నిలబడతావా?"

"నాకున్నది ఈ ఒక్కటే సార్."

"మన దగ్గర లేదని మనమే చెప్పుకుంటామా? నల్ల షేడ్లు తెప్పిస్తే ఎవరు కొంటారు? అడిగినవాళ్ళేరీ?"

"అడగకముందే చివరి సీసా చేతిలో పెట్టేస్తుంటే ఎవరడుగుతారు సార్?"

ఆ సాయంత్రమే పిన్నిని సరుకు విప్పే వెనక గదికి మార్చారు. మళ్ళీ ఫౌండేషన్ పూసుకుంటే కౌంటర్‌కు రావచ్చని కబురు పంపారు. ఆమె పూసుకోలేదు. ఇప్పటికీ అట్టపెట్టెలు విప్పుతూనే ఉంది. నలుగురితో మాట్లాడే పని పోయిందన్న బాధ ఉంది, దాన్ని దాచుకోదు. అక్క కూతురికి ఆ హోటలు ఉద్యోగం రాలేదు, వేరే చోట దొరికింది. రంగే కారణమని ఎవరూ అనలేదు. ఎవరూ అనరు కూడా.

కొత్త సరుకు వచ్చినప్పుడల్లా పిన్ని ముందు షేడ్లు చూస్తుంది. ఇంకా గోధుమ రంగు దాటలేదు.

అడిగేవాళ్ళు లేరన్నది మేనేజరు సాకు. ఆ సాకు లేకుండా చెయ్యడం మన చేతుల్లో పని. ఈసారి సింగారం సామాన్లు అమ్మే షాపుకు వెళ్ళినప్పుడు, మీకు కావలసినా అక్కర్లేకపోయినా, ముదురు షేడ్లు చూపించమని అడగండి. లేవంటే ఎందుకు లేవని అడగండి. చివరి సీసా చేతిలో పెడితే కొనకుండా తిరిగి ఇచ్చెయ్యండి. మీరు తెల్లగా ఉంటే మరీ గట్టిగా అడగండి, మీ మాట వాళ్ళకు తొందరగా వినబడుతుంది. కౌంటర్లో నిలబడ్డ ఆడమనిషి మీద మాత్రం కోప్పడకండి. మేనేజరును పిలిపించండి.