డేరాల ఊళ్లో ఉర్దూ పాఠాలు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నేను అక్కడ బి.ఏ. చదువుతుండేవాణ్ణి. ఆఫీసులు చాలావాటికి భవనాల్లేవు, డేరాల్లోనే నడిచేవి. ఎర్రగుంట్ల దగ్గర సేద్యం చేసుకునే మా నాయన, నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆ డేరాల దాకా పోయి, బయట నిలబడి గుమాస్తాలను కాసేపు చూసి వచ్చేవాడు. డిగ్రీ చేతికి రాగానే నేనూ అందులో కూచుంటానని ఆయన ఆశ.

మాకు ఎకనామిక్స్ చెప్పే లెక్చరర్‌ది కృష్ణా జిల్లా. ఈ రాజధాని ఇక్కడ నిలుస్తుందన్న నమ్మకం లేదనీ, రేపు హైదరాబాదుకు పోవలసి వస్తే ఉర్దూ అక్కరకొస్తుందనీ క్లాసులో చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. కర్నూలు పాతబస్తీలోని ఒక ముసలి ఉస్తాదును బతిమాలి తెచ్చి, సాయంత్రాలు మాకు ఉర్దూ పాఠాలు పెట్టించాడు.

నా గదిలో ఉండే కడప అబ్బాయి రెండు రోజులు వచ్చి మానేశాడు.

"మనల్ని ఈడ కూచోబెట్టి అలిఫ్, బే దిద్దిస్తాండాడు. ఆడ కుర్చీలన్నీ వాళ్లోళ్లకు పోతాండాయి. నీకు తెలీడంల్యా?" అన్నాడు.

నేను కొట్టిపారేశాను. తర్వాత ఒక శనివారం, లెక్చరర్ ఎవరో కుర్రవాడి భుజం మీద చెయ్యేసి ఒక డేరాలోంచి బయటికి రావడం ఇద్దరం చూశాం. విచారిస్తే, కొత్తగా గుమాస్తాగా చేరిన ఆయన తమ్ముడని తెలిసింది. ఆ రోజు నుంచి ఆయన నన్ను పలకరించి యోగక్షేమాలు అడిగినా, ఎందుకు అడుగుతున్నాడా అని ఆలోచించేవాణ్ణి. పాఠాలు మాత్రం మానలేదు. ఆ లిపి నాకు పట్టుబడుతోంది, వదలబుద్ధి కాలేదు.

పరీక్షలయ్యాక గుమాస్తా పనికి నేనూ, నా గది మిత్రుడూ దరఖాస్తు పెట్టాం. అతనికి వచ్చింది, నాకు రాలేదు. జరిగిందంతా చెప్పగానే నాయన నేరుగా లెక్చరర్ ఇంటికి పోయాడు. భయపడుతూ నేనూ వెంట పోయాను.

"సారూ, ఈ ఆఫీసులు ఈడ ఉండవని మా పిల్లోనికి చెప్తిరి. మరి మీ తమ్మున్ని ఆడనే పెట్టుకుంటిరి. ఇదేం న్యాయం?"

లెక్చరర్‌కు కోపం రాలేదు. మమ్మల్ని కూచోమన్నాడు.

"ఏమవుతుందో నాకూ తెలియదండీ. ఉర్దూ నేర్చుకోమంటే మా తమ్ముడు నా మాట వినలేదు. మీవాడు విన్నాడు."

తిరిగొచ్చే దారిలో నాయన, ఆ మనిషి చెప్పింది నమ్మబుద్ధి కాలేదన్నాడు.

మరుసటేడు డేరాలు పీకేశారు. నా గది మిత్రుడు, లెక్చరర్ తమ్ముడు, ఇద్దరూ ఫైళ్లతో పాటు హైదరాబాదు వెళ్లారు. ఉద్యోగం ఎవరిదీ పోలేదు. నాకు కడపలో బడిపంతులు పని దొరికింది. అక్కడ సగం మంది తురకపిల్లలు. ఉర్దూ వచ్చా అని అడిగి తీసుకున్నారు.

ఆ కబురు చెప్పినప్పుడు నాయన అన్నాడు:

"మంచే చెప్పినాడేమోలే. అయినా, పొద్దున లేస్తే ఒకే ఇంట్లో ఉండే తమ్ముడు వినని మాట, బయట పిల్లోళ్లకు ఎందుకు చెప్పినట్టు?"

లెక్చరర్‌నే అడుగుదామనుకున్నాను. ఆయన అప్పటికే గుంటూరుకు బదిలీ అయి వెళ్లిపోయాడు.