వడకట్టిన నీళ్లు

లలితమ్మకు రోతపుట్టించడం అంత సులభం కాదు. మద్రాసులో వైద్యం చదివి, మలేరియా మీదా కడుపులోని పురుగుల మీదా పరిశోధనకు దిగిన మనిషి ఆమె. ఊరివాళ్ల మలం నమూనాలను మైక్రోస్కోపు కింద చూసి, చేతులు కడుక్కొని, అదే బల్ల దగ్గర అన్నం తినగలదు. అటువంటి మనిషికి వాంతి వచ్చేంత రోత పుట్టించినది బెళుగుప్ప దగ్గర తాను పుట్టిన పల్లెలోని దిగుడుబావి.

1959 వేసవిలో నారికురుపుల పరిశీలనకు ఆమె ఆ పల్లెకు రావడానికి కారణం తల్లి ఈశ్వరమ్మే. భర్త పోయిన తరువాత అంగడి ఒంటిచేత్తో నడుపుతున్న ఆమెకు, ఒక నారిపురుగు అప్పటికే ఎడమకాలిని అవిటి చేసిపోయింది. ఇప్పుడు కుడికాలి చీలమండ దగ్గర పొక్కు చిట్లి, తెల్లని దారంలా మరొకటి తల బయటపెట్టింది. హనుమక్క అనే ముసలామె దాన్ని చీపురుపుల్లకు చుట్టి, తెగకుండా దినదినమూ కొంచెం కొంచెంగా లాగుతున్నది. ఈ కాలు కూడా పోతే అంగడికి తాళమే. అమ్మ చేత ఆ బావినీళ్లు మాన్పించాలని లలితమ్మ పట్టుబట్టింది.

ఆ సాయంత్రం ఈశ్వరమ్మ కుంటుకుంటూ మెట్లు దిగి, పుండుకాలిని పిక్కదాకా నీళ్లలో పెట్టి హాయిగా కళ్లు మూసుకున్నది. పుండు చుట్టూ పాలచుక్కలాంటి తెలుపు విచ్చుకున్నది. పక్కమెట్టు మీద పొరుగింటి రామక్క బిందె ముంచుతున్నది.

"అమ్మా, కాలు తియ్యి! పురుగు పిల్లల్ని కక్కుతాండాది. అవే మళ్లీ కడుపులోకి పోతాయి."

"నిప్పుల మాదిరి మండుతాంటే యాడ పెట్టుకోమంటావే? నీ నెత్తినా?" అన్నది ఈశ్వరమ్మ.

"డాక్టరమ్మ నెత్తి చల్లగుంటాదేమో, చూడక్కా!" అని రామక్క పకపకా నవ్వింది.

లలితమ్మ వేరే నీళ్ల కోసం ఊరంతా వెతికింది. ఊరి చివర క్రైస్తవుల పేటలో, గట్టు కట్టిన చేదబావి ఉన్నది. ఆ నీళ్లలో ఎవరూ కాలు పెట్టరు. ఆ పేటలో ఆమెకు ఒక్క నారికురుపూ కనబడలేదు. పేటపెద్ద యేసన్నను అడిగింది.

"చేది పోస్తామమ్మా, మాదేం పోతాది? మీయమ్మ తాగితే గదా!"

ఈశ్వరమ్మ తాగనన్నది. "ఆ నీళ్లా? పురుగొచ్చి సచ్చినా మేలే."

లలితమ్మకు పురుగు కన్న ఈ మాటే ఎక్కువ కంపుకొట్టింది. మరునాడు ఆమె వంటింటి బిందెలో నుంచి ఒక చుక్క తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి తల్లిని పిలిచింది.

ఈశ్వరమ్మ ఒంటికన్నుతో చూసింది. "ఏంటివే ఇవి? ఎగురుతాండాయి!"

"నీటిపురుగులు. నారిపురుగు పిల్లలు వీటి కడుపులోనే పెరిగేది. ఇన్నేండ్లూ వీటిని ప్రాణంతో తాగుతాండావు."

గుడ్డుపెంకు వాకిట పడితే పేడనీళ్లు చల్లించే మనిషి ఈశ్వరమ్మ. మొహం తెల్లబోయింది.

"అంటే... నేను మాంసం తింటినా?"

పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నది. అవిటికాలు చెవికెక్కించని మాటను మాంసం ఎక్కించింది. లలితమ్మకు ఆ గెలుపూ రోతగానే ఉన్నది, అయినా వదులుకోలేదు. నాలుగు మడతల గుడ్డలో వడకట్టి తాగమన్నది. అప్పటికే లోపల పెరుగుతున్నవాటికి ఆమె పూచీ పడలేదు. కొత్తవి మాత్రం చేరవని చెప్పింది.

ఈశ్వరమ్మ ఆ పని పూజలాగా మొదలుపెట్టింది. లలితమ్మ తిరిగి పట్నం పోవలసిన రోజున తల్లి ఇంట్లో లేదు. వెతుక్కుంటూ పోతే బావి అడుగుమెట్టు మీద కనబడింది. పుల్ల చుట్టిన కాలు నీళ్లలో ఉన్నది. చేతిలోని వడగుడ్డను తిరగేసి, పసిబిడ్డకు నీళ్లు పోసినంత మెల్లగా నీళ్లలో ఆడిస్తున్నది.

"ఏం చేస్తాండావమ్మా?"

"పాపం, నోరులేని జీవాలు. ఇంట్లో పారబోస్తే సస్తాయి గదా! ఆ పాపం మనకెందుకు? మళ్లీ నీళ్లల్లోకే వదుల్తాండా."

రెండు బారల దూరంలో రామక్క బిందె ముంచుతున్నది. లలితమ్మ గొంతులో పుల్లగా ఏదో ఎగదన్నింది. దాన్ని దిగమింగి, "రామక్కా, నువ్వయినా వడకట్టుకొని తాగు" అని బతిమాలింది.

రామక్క నిండిన బిందెను చంకకెత్తుకున్నది.

"మేం కోళ్లూ పొట్టేళ్లూ తినేటోళ్లం, డాక్టరమ్మా. మాకేం పట్టింపు?"