ఆముదంతో పెట్టిన దిష్టిచుక్క

కరోనా తగ్గిన ఏడాది, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా షెడ్డుకు ఒక చిత్రకారుడు వచ్చాడు. నేనక్కడ పెయింటర్ని. అంతకుముందు జగిత్యాలలో షాపుల బోర్డులు రాసేవాణ్ణి. "స్పెయినా?" అని అడిగితే ఆయన ముఖం మాడ్చుకున్నాడు. తాను కతలాన్‌నని, తమ భాషే వేరని, తమను స్పెయిన్ వాళ్లలో కలపొద్దని అరగంట చెప్పాడు. నాకు నచ్చాడు. ఇక్కడ అరబ్బులు మమ్మల్నీ అందర్నీ కలిపి "హిందీ", అంటే ఇండియన్, అనేస్తారు.

మొదట్లో ఆయన కాన్వాస్ బొమ్మలే వేసేవాడట. తర్వాత మట్టి, ఇనుము, వీడియో, అన్నిట్లోనూ వేలు పెట్టాడు. మా షెడ్డుకొచ్చాక ఆ వేళ్లు మావే. ఆయన కాగితం మీద గీసిచ్చేవాడు. ఫ్రేము వెల్డింగు, గుడ్డ బిగించడం, రంగు, అన్నీ మేమే. గుడ్డకు ముందుగా వేసే ప్రైమర్ పూత వద్దు, ఉత్త గుడ్డే కావాలనేవాడు.

మొదటి పెద్ద బొమ్మ పూర్తయ్యాక, అలవాటుకొద్దీ కింది మూలన నల్ల ఎనామిల్‌తో దిష్టిచుక్క పెట్టాను. జగిత్యాలలో కొత్త బోర్డు ఏది రాసినా అలాగే పెట్టేవాణ్ణి. ఆయన చూసి గయ్యిమన్నాడు. చెరిపే టైం లేక అలాగే దుబాయ్ ప్రదర్శనకు తీసుకెళ్లాడు. అక్కడ అందరి కళ్లూ ఆ చుక్క మీదే పడ్డాయట. దిష్టిచుక్క పని అదే కదా.

నెల తర్వాత మా ఫోర్మన్, నిజామాబాద్ మనిషి, ఫోన్లో ఆ చిత్రకారుడి ఇంటర్వ్యూ తెరిచాడు. "సదువుత, ఇను. గా నల్లసుక్క వాళ్ల నాయినమ్మ యాది అంటుండు. పనంత ఒక్కన్నే చేస్కున్న అంటుండు."

నా ఒళ్లు మండిపోయింది. సొమ్మొకడిది, సోకొకడిది. తన జాతి పేరు ఒక్కసారి తప్పితే ఓర్వని మనిషి, నా చుక్కకు తన నాయనమ్మను తగిలించాడు. వీడి నోటితోనే నిజం చెప్పించాలని ఆ రోజే అనుకున్నాను.

తర్వాతి ప్రదర్శనకు పన్నెండు బొమ్మలు చేయించాడు. అన్నిటికీ ఆ చుక్క ఉండాలన్నాడు. ఈసారి ఎనామిల్ ముట్టలేదు. కాటుకలో ఆముదం కలిపి, మా అమ్మ పసిపిల్లలకు పెట్టినట్టు వేలితో నిండుగా పెట్టాను. ఆముదం ఆరదు. ఉత్త గుడ్డ మీద మెల్లగా పాకుతూ పోతుంది.

ఎండాకాలం గడిచేసరికి పన్నెండూ షెడ్డుకు తిరిగొచ్చాయి. ప్రతి చుక్క చుట్టూ చపాతీ అంత నూనె మరక. ముదీర్, అంటే మా మేనేజరు, నన్ను పిలిచాడు. పక్కనే చిత్రకారుడు నిలబడి, బాగుచేయమని బతిమాలాడు. నిజం బయటపడితే నా ఉద్యోగం పోతుందని తెలుసు. పోతే పోనీ అనుకున్నాను.

"ఆ సుక్క పెట్టినోడెవడో ముందుగాల ముదీర్ ముంగట చెప్పుమను," అన్నాను ఫోర్మన్‌తో. అతను ఇంగ్లీషులో చెప్పాడు.

 చిత్రకారుడు నావైపు వేలు చూపించి, "ఈ ఇండియన్," అన్నాడు.

"ఇండియన్ గాదు, తెలుగోడు అనుమను."

అన్నాడు. నోరు తిరగకపోయినా రెండుసార్లు అన్నాడు. నా కడుపు చల్లబడింది.

"ఇగ బాగుగాదని చెప్పన్నా," అన్నాను. "ఆముదం గుడ్డలకు ఇంకింది. ఎన్నడు పోదు."