ఊఁ కొట్టిన చోట్లు

మే నెల మూడో ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు మా మనవరాలు ట్రంకుపెట్టె తెరిచింది. టైము ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. నాలుగింటికి కరెంటు పోయింది. కరెంటు పోయినప్పుడల్లా గోడమీది క్యాలెండరులో ఆ రోజు గడిలో టైము రాసిపెట్టడం నా అలవాటు. హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. చేతిలో పెన్సిలు లేకపోతే నాకు ఏమీ తోచదు. ఫ్యాను ఆగింది, ఫోనులో చార్జింగు అయిపోయింది, పిల్లకు పొద్దుపోలేదు. పెట్టె మీద పడింది.

ఆ పిల్ల ఇంజనీరింగు చదువుతూ అనంతపురంలో నా దగ్గరే ఉంటుంది. పెట్టెలో పై వరుసలో మా ఆయన చొక్కాలు మూడున్నాయి. ఆయన పోయినప్పుడు మిగతావి ఇచ్చేసి ఆ మూడే ఉంచుకున్నాను. నీలిగీతల చొక్కా తీసి తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. అంచు మోకాళ్ళ దాకా వచ్చింది.

"అవ్వా, ఇది నాకిచ్చేయ్."

"మేయ్, మీ తాతది అది. నీకు గుడ్డలు లేకనా?"

"ఇప్పుడంతా ఇట్లా వదులుగా ఉండేవే వేసుకుంటారు. అంగట్లో కొనాలంటే మా నాయన జేబు ఖాళీ అయితాది."

"చినిగిన ప్యాంటు, దానిమీద చచ్చిపోయిన ఆయప్ప చొక్కా. చూసేకి రెండు కండ్లు చాలవు."

"తాత పెండ్లి ఫోటోలో కాలరు చూసినావా? భుజాలు దాటి ఉండాది. నేనెప్పుడన్నా ఒక్క మాట అన్నానా?"

నవ్వొచ్చి ఇచ్చేశాను. మర్నాడు దాన్ని మిషన్లో వేసి, ఏదో వాసన నీళ్ళు పోసి ఉతికింది. అప్పటిదాకా ఆ చొక్కా మెడ దగ్గర కొంచెం నశ్యం, కొంచెం తలనూనె వాసన ఉండేది. అది పోయింది. చొక్కా పిల్ల ఒంటిమీద బాగుంది.

చొక్కాల కింద దిండు గలీబులో చుట్టిన క్యాసెట్టు దొరికింది కూడా ఆ ఆదివారమే.

"ఇదేంది అవ్వా? సినిమా పాటలా?"

"కాదు. మా అమ్మ పాట."

మా పుట్టిల్లు ఉరవకొండ దగ్గర పల్లె. ఏటా విత్తనం వేసే ముందు శెనక్కాయలు చేత్తో వలిచేవాళ్ళం. మిషనుకు వేస్తే పప్పు మీది పొర చిట్లి మొలక రాదని నాయనకు భయం. కాయల మీద నీళ్ళు చిలకరించి, మెత్తబడ్డాక బొటనవేలితో నొక్కి పగలగొట్టాలి. కూలికి వచ్చిన ఆడవాళ్ళు చుట్టూ కూర్చునేవాళ్ళు. మా వైపు ఒక పద్ధతి ఉంది. వలుస్తున్నంతసేపూ ఒకరు పాడాలి, మిగతావాళ్ళు పలకాలి. పని తెలియకుండా ఉండడానికని అందరూ అంటారు. అసలు సంగతి వేరు. విత్తనం తక్కువ, ఆకలి ఎక్కువ. పాడే నోట్లో, పలికే నోట్లో పప్పు పడదు. నాయన మంచం మీద కూర్చుని కాయలకేసి చూసేవాడు కాదు, నోళ్ళకేసి చూసేవాడు. ఈ కట్టుబాటు కూలివాళ్ళకు ఒకటి, మాకు ఒకటి కాదు. అమ్మకైనా అదే.

మా చెల్లెలు దీనికి ఉపాయం కనిపెట్టింది. అందరూ నోరు తెరిచి "ఓ యమ్మా" అని పలికితే తాను పెదాలు మూసి "ఊఁ" అనేది. ఊఁ కొట్టడానికి నోరు తెరవనక్కరలేదు. లోపల పప్పు పప్పులాగే ఉంటుంది. నాయనకు అనుమానం వచ్చి "ఏదీ, నోరు తెరువు" అనేలోపు మింగేసేది.

మా ఆయన ఒక మంచి పంట యేడు టేపురికార్డరు కొన్నాడు. ఆ యేడు విత్తనం పనికి పుట్టింటికి పోతూ దాన్ని వెంట తీసుకుపోయాను. కూలివాళ్ళు అన్నానికి వెళ్ళిన సమయంలో అమ్మా చెల్లెలూ చివరి తట్ట వలుస్తున్నారు. రికార్డరు అమ్మ మోకాలి దగ్గర పెట్టి ఎర్ర మీట నొక్కాను. అమ్మ దారి తప్పిన ఎద్దును వెతికే పాట ఎత్తుకుంది. కాకిని అడుగుతుంది, గొర్రెలాయన్ని అడుగుతుంది, మబ్బును అడుగుతుంది, నా ఎద్దును చూసినావా అని. అడిగి ఆగుతుంది. ఆగిన చోట కొంచెం దూరం నుంచి చెల్లెలు, ఊఁ. అన్నీ కలిపి పద్నాలుగు చోట్లు. తొమ్మిదో చోట నాయన మంచం మీది నుంచి దగ్గాడు. చెల్లెలు ఊఁ అనబోయి నవ్వేసింది. అంటే పదమూడు ఊఁలు, ఒక నవ్వు.

ఆ కాయలు మొలిచాయి. పీకే రోజుకు చెల్లెలు లేదు. జ్వరం వచ్చింది, ఉరవకొండలో ఒక డాక్టరు, అనంతపురంలో ఒక డాక్టరు, అంతే. పంతొమ్మిదేళ్ళది. ఫోటో ఎప్పుడూ తీయించలేదు. పెళ్ళి చూపులకు తీయిద్దామని వాయిదా వేశారు. కాబట్టి ఆమె అనే మనిషి ఈ భూమ్మీద ఉండినట్టు చెప్పేవి ఆ పదమూడు ఊఁలూ, ఒక నవ్వూ మాత్రమే. అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ క్యాసెట్టు వినలేదు. నేను వినేదాన్ని. రికార్డరు చెడిపోయాక మనసులోనే వినేదాన్ని. కూరగాయలు తరుగుతూ, బస్సు కోసం నిలబడి. అమ్మ అడిగేది, ఆగేది, ఊఁ.

మనవరాలికి ఇదంతా చెప్పలేదు. మా అమ్మ పాట అన్నాను, అంతే. చనిపోయినవాళ్ళ గురించి పూర్తిగా చెప్పే అలవాటు మా ఇళ్ళల్లో లేదు.

"టేపు ఎక్కువ రోజులుండదు అవ్వా. ఫోన్లోకి ఎక్కిస్తే ఎప్పటికీ ఉంటాది" అంది.

ఎప్పటికీ అన్న మాట నాకు నచ్చింది. అటక మీది రికార్డరు దింపించాను. పిల్ల దాన్ని పాతూర్లో రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకుపోయి లోపలి రబ్బరు బెల్టు మార్పించుకొచ్చింది. బుధవారం మధ్యాహ్నం నేను పెన్షను పనిమీద ఆఫీసుకు పోయి వచ్చేసరికి పని ముగించి, మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. నా చెవుల్లో తెల్లటి గింజల్లాంటివి రెండు తానే పెట్టింది.

"కండ్లు మూసుకో అవ్వా. అదిరిపోతావు చూడు."

అదిరిపోయాను. అమ్మ నా తల లోపలే కూర్చుని పాడుతున్నట్టు ఉంది. గొంతు కడిగిన ముత్యంలాగా ఉంది. చుట్టూ గాలి లేదు, గోడ లేదు, గది లేదు. అమ్మ కాకిని అడిగింది. ఆగింది.

ఏమీ లేదు.

ఎండాకాలపు బావిలోకి తొంగిచూసినట్టు అనిపించింది. తర్వాత గొర్రెలాయన్ని అడిగింది. ఆగింది. ఏమీ లేదు. ప్రతి చోటా అమ్మ చెల్లెలి పలుకు కోసం సరిగ్గా అంతసేపే ఆగుతోంది. ఎవరూ పలకకపోయినా, పలికినట్టే తలాడించి మళ్ళీ ఎత్తుకుంటోంది. తొమ్మిదో చోట మాత్రం ఒక చిన్న శబ్దం వచ్చింది, ఎవరో ఊపిరి పీల్చినట్టు. నవ్వు మొదలయ్యే ముందు పీల్చే ఊపిరి అది. నవ్వు లేదు.

చెవుల్లోవి పీకేశాను.

"ఊఁ యాడ పోయింది?"

"ఏ ఊఁ?"

"మధ్యలో ఊఁ అంటాది. పాట ఆగినప్పుడంతా."

"ఓ, అదా! ఎవరో నిద్రలో మూలిగినట్టు ఉన్నిందే? ఆ గరగర, పటపట, మేక అరిచేది, ముసలాయప్ప దగ్గు... అంతా చెత్త అవ్వా. యాప్‌లో వేసినా, అదే తీసేసింది. వాయిస్ ఒక్కటే ఉంచినా. బాగుంది కదా?"

"ఆ ముసలాయప్ప మా నాయన."

పిల్ల నాలుక కరుచుకుంది.

"మొదట ఎక్కించింది ఉండాదా? కడగనిది?"

"అది... ఫోన్లో జాగా లేదని తీసేసినా. క్యాసెట్టు ఉండాది కదా అవ్వా, మళ్ళీ ఎక్కిస్తా. దానికెందుకు అట్లా చూస్తావ్?"

అవును, క్యాసెట్టు ఉంది. చేతులు కడుక్కుని, రికార్డరు కిటికీ పక్క బల్ల మీద పెట్టి నేనే మీట నొక్కాను. గరగర మొదలైంది. ఆ గరగర వినగానే పిల్ల మెల్లగా, "వాన పడినట్టు ఉండాది అవ్వా" అంది. మా వైపు పిల్లలకు వాన చప్పుడు అంత అరుదు. గరగర వెనక కాయ పగిలిన చప్పుడు, పట్. ఇంకొకటి, పట్. అమ్మ పాట ఎత్తుకుంది. కాకిని అడిగింది. ఆగింది.

ఊఁ.

పిల్ల నా వైపు తిరిగింది. "మా చెల్లెలు" అన్నాను. "ఫోను తీసుకో, ఎక్కించు." పిల్ల లేచి ఫోను కోసం వంటింట్లోకి పరిగెత్తింది. చార్జింగు అక్కడ పెట్టింది. ఆ కాసేపట్లో గొర్రెలాయన్ని అడగడం అయింది, ఇంకో ఊఁ అయింది. మూడోసారి అమ్మ గొంతు బరువెక్కింది, మగ గొంతయింది, సాగింది, ఆగింది. రికార్డరు లోపల కాగితం నలిగిన చప్పుడు.

మూత తెరిచేసరికి టేపు చక్రం చుట్టూ పేగులాగా చుట్టుకుని ఉంది. కొత్త బెల్టు గట్టిది, పాత టేపు ఎండిన ఆకు. గోటితో కొద్దికొద్దిగా విప్పాను. క్యాసెట్టు కంతలో పెన్సిలు పెట్టి వెనక్కు తిప్పాను. ఒకప్పుడు అందరం చేసిన పనే. ఆ రోజుల్లో టేపు వంగేది. ఇప్పుడు తిప్పుతుంటే పొడి రాలింది, రెండు చోట్ల పుటుక్కుమంది. పిల్ల ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

పాతూరాయన అతికించి ఇచ్చాడు. పొడి రాలిన ఆ టేపులోంచి, మొదటి ఊఁ దగ్గర నుంచి చివరిదాకా, వచ్చేది మాట కాదు, బురదలో కాలు పెట్టి తీసినట్టు ఉంటుంది.

పిల్ల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. శుక్రవారం వచ్చి నా పక్కన కూర్చుంది.

"అవ్వా, నేనొకటి చేస్తా. ఊఁలు మళ్ళీ పెట్టొచ్చు. ఎట్లా అనేదో నువ్వు చెబితే ఫోనే పుట్టిస్తాది. నీ గొంతుతోనన్నా అను. అక్కచెల్లెండ్లు కదా, దగ్గరగా ఉంటాది."

"వద్దు."

"ఎవరికీ తెలీదు అవ్వా."

"నాకు తెలుస్తాది మే. నా నోట్లో పప్పు లేదు."

పిల్లకు అప్పుడు అంతా చెప్పాను. నాయన మంచం, మూసిన పెదాలు, మింగడం. నవ్వింది. నవ్వుతూనే చొక్కా చేతులతో కండ్లు తుడుచుకుంది, మా ఆయన చొక్కా చేతులతో. "ముందే చెప్పింటే" అంది. నిజమే. చెప్పి ఉంటే చెత్త ఏదో, మనిషి ఏదో ఆ పిల్లకు తెలిసేది. యంత్రానికి ఎవరు చెబుతారు?

అసలు దెబ్బ తర్వాత తెలిసింది. ఒక ఉదయం వంకాయలు తరుగుతూ, ఎప్పటిలాగే మనసులో అమ్మ పాట పెట్టుకున్నాను. అమ్మ అడిగింది. ఆగింది. ఏమీ రాలేదు. కడిగిన పాట ఒక్కసారి విన్నందుకు లోపలిది కూడా కడుక్కుపోయింది. ఇప్పుడు ఊఁ కావాలంటే ప్రయత్నం చేసి నేనే అనుకోవాలి. అనుకుంటే అది నా గొంతులో వస్తుంది.

జూన్లో ఒక మధ్యాహ్నం, చట్నీకి శెనక్కాయలు వలుస్తూ ఫోన్లో ఆ పాట పెట్టాను. ఎందుకు పెట్టానంటే చెప్పలేను. పన్ను ఊడిన చోటికి నాలుక పోతుంది కదా, అట్లాగే. అమ్మ మబ్బును అడిగింది. ఆగింది.

ఊఁ.

కాయ చేతిలోనే ఉండిపోయింది. మెత్తగా, పెదాలు మూసి, కొంచెం దూరం నుంచి. కూర్చున్నచోటి నుంచి మెల్లగా వెనక్కు తిరిగాను. గుమ్మానికి ఆనుకుని మనవరాలు, చెవుల్లో ఆ తెల్ల గింజలు, ఎవరో స్నేహితురాలి మాటలు వింటోంది. నా చాటలోంచి తీసుకున్న పప్పు దాని బుగ్గలో ఉబ్బెత్తుగా ఉంది. పాట దానికి వినపడడం కూడా లేదు. అమ్మ మళ్ళీ అడిగింది, ఆగింది. పిల్ల ఫోనులోకి మళ్ళీ అంది, ఊఁ.

నేను పాట ఆపేశాను. అది మా చెల్లెలు కాదు. కానీ అమ్మ తలాడించినట్టే అనిపించింది.

పోయినవి రాసిపెడుతున్నాను. చొక్కా మెడ దగ్గరి వాసన. నాయన దగ్గు, ఒకటి. మేక అరుపు, ఒకటి. కాయలు పగిలిన చప్పుడు, లెక్కపెట్టలేదు. ఊఁలు, పదమూడు. నవ్వు, ఒకటి. దాని ముందరి ఊపిరి మాత్రం ఫోన్లో ఉంది.