సత్తెమ్మక్క ఇచ్చిన పల్లవి

పోయిన వారం ఎల్‌బీనగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే కాగుతున్న తోలు వాసన వచ్చింది. పక్క సందులో ఏదో పెళ్లి ఊరేగింపు కోసం డప్పులవాళ్లు అట్టముక్కలు మంటేసి డప్పులు కాపుకుంటున్నారు. వేడికి తోలు బిగిస్తేనే డప్పు గట్టిగా పలుకుతుంది. నా ముందు నడుస్తున్న ఒకాయన ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం పని పక్కన పెట్టి అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే నాకు సత్తెమ్మక్క గుర్తొస్తుంది. ఈ రోజు నేను మన్సూరాబాద్‌లో పిల్లలకు పాట నేర్పి బతుకుతున్నానంటే, ఆ నేర్పే పద్ధతి ఆమెది. గొంతు నాదే. దాని గురించి నాకు ఎన్నడూ అనుమానం లేదు, అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

నేను చూసిన మొదటి కచేరీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాలనీ వినాయకుడి దగ్గర పెట్టిన ఆర్కెస్ట్రా. నాకప్పుడు ఏడేళ్లు. హయత్‌నగర్ బస్ డిపోలో మెకానిక్‌గా చేసే మా నాన్న నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని చూపించాడు. మెరుపుల కోటు వేసుకున్న గాయకుడు పల్లవి చివర గొంతును గింగిరాలు తిప్పితే జనం ఈలలు వేశారు. ఆ ఈలలు నాకు కావాలనిపించింది. పాట సంగతి తర్వాత. ఇరవై ఏళ్లు నిండేసరికి అదే ఆర్కెస్ట్రాలో మైకు నా చేతికి వచ్చింది. దాన్ని నడిపే ప్రసాద్ గారు గుంటూరు వైపు మనిషి. "నీ గొంతులో సంగతులు భలే పలుకుతాయబ్బాయ్. అదే నీకు పేరు తెస్తుంది, వదిలిపెట్టకు" అనేవారు. సంగతులంటే ఒకే చరణాన్ని మలుపు మీద మలుపు వేసి రకరకాలుగా పాడటం. నేను వదిలిపెట్టలేదు. రిసెప్షన్లలో బిర్యానీ తింటున్నవాళ్లు కూడా చెయ్యి ఆపి నా వైపు చూసేవాళ్లు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మకు నేను ఏమాత్రం తీసిపోయేవాణ్ని కాదు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఒక మధ్యాహ్నం ఎల్‌బీనగర్ చౌరస్తా దగ్గర నా బస్సు ఆగిపోయింది. రోడ్డు పక్క టెంటులో రిలే నిరాహార దీక్ష నడుస్తోంది. అక్కడి నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. సన్నగా లేదు, తియ్యగా అంతకన్నా లేదు. జొన్నరొట్టెలా గరుకుగా ఉంది. "ఎండల నడిచొస్తిమే అమ్మా, ఏడబోయె మా వాగు నీళ్లు" అని ఆమె ఒకసారి అనగానే టెంటులో ఉన్నవాళ్లూ, రోడ్డు మీద ఆగినవాళ్లూ, చివరికి మా బస్సు కిటికీల్లో ఉన్నవాళ్లూ అందుకున్నారు. నా పక్క సీట్లో చిక్కుడుకాయల సంచి పట్టుకున్న ముసలాయన కూడా అందుకున్నాడు. ఆ పాట అంతకుముందు ఆయన విని ఉండడు. నేను బస్సు దిగాను. మెచ్చుకోవడానికి కాదు, ఒక సవరణ చెప్పడానికి.

పాట అయ్యాక దగ్గరికి పోయి, "అక్కా, మంచిగ పాడినవ్. పల్లవి చివర జర సంగతి పడితే ఇంకా లేస్తది" అన్నాను.

నలభై అయిదేళ్ల మనిషి, మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఎవలకు లేస్తది తమ్మీ? నీకా, ఆళ్లకా?" అంది. వెంటనే తనే, "మన్సూరాబాద్ల నాది మిషన్ దుకాణం ఉన్నది. రేపు రా, కూసొని మాట్లాడుకుందాం" అంది.

మర్నాడు వెళ్లాను. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి లారీ డ్రైవర్ అయిన భర్తతో వచ్చి, ఆ చిన్న గదిలో జాకెట్లు, లంగాలు కుట్టేది సత్తెమ్మక్క. పాటలు కూడా అక్కడే కట్టేది. ఆమె పద్ధతి లోకంలో ఇంకెక్కడా చూడలేదు. కొత్త చరణం తట్టగానే, జాకెట్ కొలత ఇవ్వడానికి వచ్చిన మనిషికి టేపు చుడుతూ దాన్ని రెండుసార్లు పాడేది, ఏమీ ఎరగనట్టు. ఆ మనిషి మెట్లు దిగుతూ కూనిరాగం తీస్తే చరణం పాసయినట్టు. ఊరికే దిగిపోతే, "కుట్లు ఇప్పాలె" అనుకుని మాటలు మార్చేది. ఒకసారి నేను ముచ్చటపడి ఆమె చరణానికి నా సంగతులు జోడించి పాడాను. కొలత ఇవ్వడానికి వచ్చిన ఆవిడ, "మంచి గొంతు బిడ్డా" అని మెచ్చుకుని మెట్లు దిగిపోయింది, కూనిరాగం తీయకుండా. సత్తెమ్మక్క సూదిలో దారం ఎక్కిస్తూ అంది: "సూసినవా? గొంతు నీ దగ్గర్నే మిగిలింది. పాట ఆమెతోని పోలే."

నాకు కోపం వచ్చింది. వారం రోజులు ఆ దుకాణం వైపు పోలేదు. కానీ ఆ వారంలో పాడిన రెండు రిసెప్షన్లలో, పాట అయిపోయాక ఎవరైనా దాన్ని పాడుకుంటున్నారేమో అని చెవి పెట్టి విన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. పాడుకుంటున్నవాడు ఒక్కడూ లేడు. మళ్లీ వెళ్లి ఆమె మిషన్ పక్కన బుద్ధిగా కూర్చున్నాను. చరణం నేరుగా ఇవ్వడం, చివరి మాట దగ్గర ఊపిరి వదలడం, జనం అందుకునేదాకా ఓపిక పట్టడం నేర్చుకున్నాను. నేర్చుకున్నాననే అనుకున్నాను.

ఆ ఎండాకాలం ఆమె గొంతు బొంగురుపోయింది. దవాఖానకు పోతే గొంతులో గడ్డ ఉందన్నారు. రెండు వారాల్లో ఆపరేషన్, అప్పటిదాకా పాట కాదు కదా, గట్టిగా మాట్లాడనే వద్దని డాక్టర్ మరీ మరీ చెప్పాడు. పాడితే గొంతు మళ్లీ రాకపోవచ్చన్నాడు. నాలుగు రోజుల్లో ఎల్‌బీనగర్‌లో వంటావార్పు ఉంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే తిని, బండ్లు కదలకుండా కూర్చునే నిరసన అది. సత్తెమ్మక్క తన పాట నాకిచ్చింది. "నేను సల్లగ కూసుంట. పల్లవి నువ్వియ్యి తమ్మీ. సక్కగ ఇయ్యి, ఆళ్లే మోస్తరు" అంది గుసగుసగా. ఆమె అలా నమ్మి ఇచ్చిన పాట అది.

వంటావార్పు రోజున కర్మన్‌ఘాట్ వైపు నుంచి, హయత్‌నగర్ వైపు నుంచి జనం వచ్చి చౌరస్తా నిండింది. పెద్ద పెద్ద గంజుల్లో అన్నం, పప్పుచారు ఉడుకుతున్నాయి. పొయ్యిల దగ్గరే డప్పులు కాపారు. మైకు సెట్టు ప్రసాద్ గారిదే. "మీరు గూడ వచ్చిన్రా సారూ" అని ఎవరో అంటే, "మావాడు పాడుతుంటే రాకుండా ఎట్లా ఉంటానండీ" అన్నారాయన. మైకు పట్టుకున్నాను. ఎదురుగా అంత జనాన్ని నేను అంతకుముందు చూడలేదు. మొదటిసారి పల్లవి నేరుగానే ఇచ్చాను. జనం అందుకున్నారు. ఆ హోరు నా ఒంట్లోకి వచ్చింది, బుద్ధి బయటికి పోయింది. రెండోసారి "వాగు నీళ్లు" దగ్గర ఒక సంగతి వేశాను. ముందు వరుసలో కుర్రాళ్లు ఈల వేశారు. ఇక నన్ను పట్టేవాళ్లెవరు? మూడోసారి రెండు మలుపులు, నాలుగోసారి నాలుగు. జనం నోళ్లు తెరిచారు. ఎక్కడ అందుకోవాలో తెలియక మళ్లీ మూసుకున్నారు. వెనక వరుసల్లో మాటలు మొదలయ్యాయి, కొందరు విస్తళ్ల వైపు లేచారు. డప్పులవాళ్లు తడబడి ఆగిపోయారు. వేలమంది మధ్య నా గొంతు ఒక్కటే తిరుగుతోంది. ఎట్లా దిగాలో నాకే తెలియలేదు.

అప్పుడు గంజుల పక్కన కూర్చున్న సత్తెమ్మక్క లేచింది. నేను చెయ్యి అడ్డం ఊపాను, వద్దని. ఆమె నా వైపు చూడనే లేదు. మైకు అడగలేదు. తల ఎత్తి, "ఎండల నడిచొస్తిమే అమ్మా" అని పాడింది. మొదటి మాటకే గొంతు చీలింది. రెండో మాట సగమే వచ్చింది. మిగతా సగం జనం అందుకున్నారు. లేచినవాళ్లు కూర్చున్నారు, డప్పులు కలిశాయి, చౌరస్తా మొత్తం పాడింది. ఆమె ఇంకో రెండు చరణాలు అట్లాగే చీలిన గొంతుతో ఇచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కొంగు మీద ఎర్రటి మరక నేను చూశాను.

ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఏ భయమూ లేదన్నారు. గొంతు మాత్రం గుసగుసగానే మిగిలిపోయింది. ఆ రోజు పాడటం వల్లేనా అని డాక్టర్‌ను అడిగాను. చెప్పలేమన్నాడు. ఆయన చెప్పలేకపోవచ్చు, నేను చెప్పగలను. దుకాణానికి పోయి ఆమె ముందు కూర్చుని ఏడ్చాను. "అక్కా, నా వల్లనే పోయింది" అన్నాను. ఆమె కాదనలేదు. అందుకే ఈ రోజుకీ ఆమె అంటే నాకు అంత గౌరవం. కాదని ఉంటే నేను నమ్మేసేవాణ్ని. కత్తెర పక్కన పెట్టి, "ఏడ్సుడైనంక ఇటు జరుగు. కొత్త చరణం ఒకటున్నది, చెవుల చెప్త. నువ్వు పాడు" అంది. ఆ తర్వాత ఆమె కట్టిన ప్రతి పాటా నా చెవిలో గుసగుసగా పుట్టింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కచేరీ రాష్ట్రం వచ్చిన రోజుల్లో జరిగింది. అదే ఎల్‌బీనగర్, పట్టపగలు. సత్తెమ్మక్క వేదిక మీద నా పక్కన నిలబడి, చరణం తర్వాత చరణం చెవిలో చెబుతోంది. నేను నేరుగా ఇస్తున్నాను, జనం మోస్తున్నారు. నాలుగో చరణం తర్వాత వాళ్లు పల్లవికి వాళ్లంతట వాళ్లే తిరిగి వచ్చారు. నేను కూడా కలపబోయాను, మైకు పట్టిన చెయ్యి దానంతట అదే పైకి లేచింది. ఆమె నా మణికట్టు పట్టుకుని కిందికి దించింది. "జర ఆగు తమ్మీ. నువ్వు లేకున్న పాడుతున్నరు, ఇను" అంది. విన్నాను. ఆమె పెదవులు జనంతో కలిసి కదులుతున్నాయి. ఆ చప్పుడులో ఆమె గొంతు లేదని ఎవరూ అనలేరు.

ఇప్పుడు నా కచేరీల్లో ప్రతి పాటలోనూ ఒకచోట మైకు దించేస్తాను. మా పిల్లలు దాన్ని నా స్టైల్ అనుకుని అద్దం ముందు సాధన చేస్తుంటారు. వాళ్లను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెబుతాను, ఆపాల్సిన చోట నేను ఆపని రోజున ఒక మనిషి గొంతు పోయిందని.