మామయ్య అసలు దగ్గు

మా మామయ్య ఇల్లందు బొగ్గుబాయిలో పనిచేసి, రిటైరయ్యాక ములకలపల్లి పక్కన మా ఊరికి వచ్చేశాడు. వస్తూ వస్తూ దగ్గును కూడా వెంట తెచ్చుకున్నాడు. దవాఖానాకు పోదామంటే చాలు, ఆయనకు అప్పుడే చేలో పని గుర్తొచ్చేది. అత్తమ్మ చెప్పీ చెప్పీ విసిగిపోయి ఆ భారం నా మీద పడేసింది. ఊళ్లో నర్సును నేనే కాబట్టి తప్పించుకునే దారి లేదు.

ఆ రోజుల్లోనే మా నర్సుల ఫోన్లలో కొత్త యాప్ వేశారు. ఫోను ముందు దగ్గితే, ఆ శబ్దాన్ని బట్టి ఊపిరితిత్తులకు పరీక్ష అవసరమో కాదో చెబుతుంది. మామయ్యకు ఇది తెగ నచ్చింది.

"ఫోను పొమ్మంటే పోత. వద్దంటే ఇగ నన్ను అడగొద్దు," అన్నాడు.

"అవ్, సరే," అంది అత్తమ్మ, నన్ను అడగకుండానే.

యాప్ పొరబడితే ఈ మనిషిని మళ్లీ కదిలించడం మా తరం కాదు.

పొద్దున్నే ఫ్యాను ఆపి, కోళ్లను బయటికి తోలాను. మామయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని, భుజాన తువ్వాలు వేసుకుని, ఫొటో దిగేవాడిలా ఫోను ముందు కూర్చున్నాడు.

"దగ్గండి మామయ్యా."

"అహ్హుం."

మా వైపు మగవాళ్లు ఎవరింటికి వెళ్లినా గుమ్మం బయట నిలబడి ఒక దగ్గు దగ్గుతారు, మనిషి వచ్చినట్టు లోపలివాళ్లకు తెలియాలని. మామయ్య దగ్గింది ఆ పెద్దమనిషి దగ్గు. మళ్లీ దగ్గమన్నా అదే. పరీక్ష అక్కర్లేదంది ఫోను.

"చూసిండ్రా?" అంటూ లేవబోయాడు.

నాకు ఒళ్లు మండింది. "అది దగ్గు కాదు మామయ్యా, పలకరింపు. రోజూ దగ్గేది దగ్గండి."

"అడిగితే వస్తదా అది?"

అంతలో అత్తమ్మ ఆయన భుజం మీది తువ్వాలు లాక్కుని తన భుజాన వేసుకుంది. చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం బయటికి నడిచి, అచ్చం ఆయనలాగే గొంతు సవరించి, "ఏందమ్మా, ఇంట్ల ఎవరన్న ఉన్నరా? పెండ్లి సంబంధం తెచ్చిన," అంది.

మామయ్య కాసేపు మూతి బిగించాడు. తర్వాత ఆపుకోలేక పగలబడి నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. మంచం పట్టె పట్టుకుని, ఈల వేస్తున్న గొంతుతో వంగిపోయి దగ్గాడు. నేను నవ్వుతూనే రికార్డు నొక్కాను. నొక్కాక నాకు నవ్వు రాలేదు.

ఈసారి పరీక్ష చేయించమంది ఫోను. మామయ్య ఆడిన మాట తప్పే మనిషి కాదు, గొణుక్కుంటూనే మా ఇద్దరితో భద్రాచలం బస్సెక్కాడు. టీబీ కాదన్నాడు డాక్టరు. బొగ్గు దుమ్ము లోపల పేరుకుంది, అది పోదు గానీ మందు పీలిస్తే దగ్గూ ఆయాసమూ తగ్గుతాయని చెప్పి, పొద్దునా సాయంత్రం పీల్చే పంపు రాసిచ్చాడు.

తిరుగు బస్సులో మామయ్య మంచి హుషారు మీదున్నాడు. "ఇగ దగ్గు తగ్గుతదట. నీకు నిద్ర పడుతది, సంతోషమేనా?" అన్నాడు అత్తమ్మతో.

"నువ్వు దగ్గుతుంటే నాకు నిద్ర పడుతనే ఉంటది," అంది అత్తమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఆగినప్పుడే మెలకువొస్తది. నీ ముక్కు కాడ చెయ్యి పెట్టి చూసుకుంట."

మామయ్య జేబులోంచి పంపు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఎట్ల పీల్చాలె బిడ్డా, ఇంకోసారి చూపియ్యి," అన్నాడు.