మిరప మంట అంటిన పేజీలు

ఎనభైల్లో, వినుకొండ వెళ్ళే ఎర్రబస్సులో, పక్క సీట్లో ఆవిడ దగ్గరున్న పిల్లల కథల పుస్తకం అడిగి తీసుకున్నాను. నాలుగు పేజీలు తిప్పి కన్ను నలుపుకున్నానో లేదో, భగ్గున మండింది.

"అయ్యో, చెప్పడం మర్చిపోయానమ్మా! మా పిల్లలు మిరపకాయలు కోసొచ్చి ఆ చేతుల్తోనే చదువుతారు," అంటూ కొంగు తడిపి నా కంటికి అద్దింది. ఆదివారాలు ఊరి లైబ్రరీలో పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తుందట, జీతం లేకుండానే.

"చేతులు కడుక్కు రమ్మనొచ్చుగా?" అన్నాను.

"పంపితే మళ్ళీ రారమ్మా. మండితే మండనీ."

ఆవిడ ఏదో ఊళ్ళో దిగిపోయింది. పేరైనా అడగలేదు.

రిటైరయ్యాక నేనూ ఆదివారాలు మా ఊరి లైబ్రరీలో పిల్లల కోసం చాపలు పరిచి కూర్చుంటున్నాను. మాదీ మిరప పండే ఊరే, కోతలకెళ్ళే పిల్లలూ ఉన్నారు. సాయంత్రం పుస్తకాలన్నీ మళ్ళీ బీరువాలో సర్ది, ఆ చేత్తోనే కళ్ళు నలుపుకుంటాను.

ఇన్నేళ్ళలో ఒక్కసారీ మండలేదు.